ఓడించిన జట్టులోకే: అమెరికా కాలేజీ వాలీబాల్లో గూడు మారిన ఆటగత్తెలు

2021 ఏప్రిల్ 24 రాత్రి నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహాలో అమెరికా కాలేజీ మహిళల వాలీబాల్ ఫైనల్ జరిగింది. కోర్టుకు ఒక పక్క టెక్సస్, ఇంకో పక్క కెంటకీ. అసలు ఆ పోటీలు 2020 డిసెంబర్‌లో ముగియాలి. కోవిడ్ వల్ల సీజన్ మొత్తం వసంతానికి వాయిదా పడింది. 48 జట్లనూ ఒకే ఊరికి రప్పించి అక్కడే ఆడించారు. మొదటి సెట్ టెక్సస్ 25-20తో గెలిచింది. తర్వాతి మూడూ కెంటకీవే: 25-18, 25-23, 25-22. కెంటకీ జాతీయ టైటిల్ గెలవడం అదే మొదలు. ఆ జట్టులో అల్లీ స్టమ్లర్ 26 కిల్స్ కొట్టింది. కిల్ అంటే అవతలి జట్టు తిప్పికొట్టలేక నేరుగా పాయింటుగా మారిన స్మాష్. స్టమ్లర్ తర్వాత ఎక్కువగా కొట్టింది మొదటి ఏడాది విద్యార్థిని మాడిసన్ స్కిన్నర్. ఆమెవి 19.

ఏడాది తిరక్కుండానే ఆ మాడిసన్ స్కిన్నర్ తను ఓడించిన టెక్సస్‌లోనే చేరింది. 2022లో టెక్సస్ తరఫున టైటిల్, 2023లో మళ్లీ టైటిల్. నాలుగు సీజన్లలో మూడు జాతీయ ఛాంపియన్‌షిప్‌లు, రెండు రంగుల జెర్సీలు.

ఇలాంటి కథ వినగానే మనసు రెండు వైపులా పోతుంది. ఒకటి, గెలిచే చోటు చూసుకుని దూకేసింది అన్న విసుగు. రెండు, ఎవరి బతుకు వాళ్లది, ఎక్కడ ఆడాలో తనే తేల్చుకోవాలి అన్న సమాధానం. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. కానీ రెండూ ఆట జరిగే కోర్టు దాకా వెళ్లకుండా బయటే ఆగిపోతాయి. వాలీబాల్లో ఒక ఆటగత్తె పెద్ద జట్టు నుంచి ఇంకో పెద్ద జట్టుకు మారినప్పుడు అది ఫలిస్తుందా లేదా అన్నది పేరుప్రతిష్ఠలను బట్టి తేలదు. కొత్త జట్టులో ఏ చోటు ఖాళీగా ఉందో, ఆ ఖాళీలో ఆమె ఎంత చక్కగా ఇముడుతుందో దాన్నిబట్టి తేలుతుంది. అంతకుముందు ఇంకో సంగతి కూడా చూడాలి. వెళ్లనివ్వడానికి ఎవరి అనుమతి కావాలి? గత ఆరేడేళ్లలో అసలు మార్పు జరిగింది అక్కడే.

సంతకం ఎవరిది

తెలుగు క్రీడాభిమానులకు ఎన్‌ఓసీ అన్న మాట కొత్తది కాదు. క్రికెటర్ ఒక రాష్ట్రం వదిలి ఇంకో రాష్ట్రానికి ఆడాలంటే పాత సంఘం 'మాకు అభ్యంతరం లేదు' అని రాసివ్వాలి. హనుమ విహారి హైదరాబాద్ నుంచి ఆంధ్రకు, తిరిగి హైదరాబాద్‌కు, మళ్లీ ఆంధ్రకు మారిన ప్రతిసారీ ఆ కాగితం మాట వార్తల్లోకి వస్తూనే ఉంది. అమెరికా కాలేజీ క్రీడల్లోనూ 2018 దాకా పద్ధతి దాదాపు ఇదే. కాలేజీ అనుమతి ఇవ్వనిదే ఇంకో కాలేజీ కోచ్ ఆ అమ్మాయితో మాట్లాడటానికి కూడా వీల్లేదు. అనుమతి ఇచ్చినా, 'ఫలానా కాలేజీలకు మాత్రం కుదరదు' అని ఒక జాబితా జోడించే హక్కు పాత కాలేజీకి ఉండేది. ఆ జాబితాలో ఎవరి పేర్లు ఉండేవో ఊహించడం కష్టం కాదు. ఒకే కాన్ఫరెన్స్‌లోని జట్లు, అంటే ఒకే లీగ్ గుంపులో ఉండి ప్రతి ఏటా తమతో తలపడే జట్లు. అంటే ప్రత్యర్థి గూటికి వెళ్లడమే అన్నిటికన్నా కష్టమైన దారి.

2018 అక్టోబర్ 15న ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది. పేరు గంభీరంగా ఉన్నా అది ఒక డేటాబేస్ మాత్రమే. ఆటగత్తె తన కాలేజీకి రాతపూర్వకంగా చెబితే చాలు, రెండు పనిదినాల్లో ఆమె పేరు అందులో పెట్టి తీరాలి. పేరు ఎక్కిన క్షణం నుంచి ఏ కోచ్ అయినా ఆమెకు ఫోన్ చేయవచ్చు. అనుమతి అన్న మాట పోయి సమాచారం అన్న మాట మిగిలింది. 'అడుగుతున్నాను' అనే చోట 'చెబుతున్నాను' అనడం. వాక్యంలో చిన్న తేడానే, పెత్తనంలో చాలా పెద్దది.

అయితే ఉచితంగా ఏదీ రాలేదు. పోర్టల్లో పేరు పెట్టినవారికి ఆ సెమిస్టర్ ముగిశాక స్కాలర్‌షిప్ ఆపేసే హక్కు పాత కాలేజీకి ఉంది. ఎవరూ పిలవకపోతే ఉన్నదీ పోతుంది. పెద్ద పేరున్నవాళ్లకు ఈ భయం ఉండదు. బెంచీ మీద కూర్చుని ఆడే అవకాశం కోసం ఇంకో చోటు వెతుక్కునే అమ్మాయికి మాత్రం ఉంటుంది. పోర్టల్ గురించి రాసేవాళ్లు చాలామంది మొదటి రకం వాళ్ల గురించే రాస్తారు.

మిగిలిన నిబంధనలు ఒక్కటొక్కటిగా సడలాయి. అమెరికన్ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, బేస్‌బాల్, ఐస్ హాకీల్లో మారినవాళ్లు ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలన్న నియమం చాలాకాలం నడిచింది. వాలీబాల్లో ఒక్కసారి మారేవాళ్లకు ఆ శిక్ష ముందునుంచీ లేదు. అందుకే ఈ ఆటలో మార్పులు కొత్త కాదు, వాటి జోరు కొత్తది. రెండోసారి, మూడోసారి మారేవాళ్ల మీద ఉన్న అడ్డు 2023 డిసెంబర్‌లో న్యాయస్థానం ఉత్తర్వుతో ఆగింది. 2024 ఏప్రిల్‌లో కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ తనే నియమం మార్చేసింది. చదువు సరిగా సాగుతుంటే ఎన్నిసార్లయినా మారవచ్చు, వెంటనే ఆడవచ్చు.

చదువు అన్న మాట పైపై షరతు కాదు. రెండో ఏడాది ముగిసేసరికి డిగ్రీలో 40 శాతం, మూడో ఏటికి 60, నాలుగో ఏటికి 80 శాతం పూర్తయి ఉండాలి. అమెరికాలో ఎమ్మెస్ మధ్యలో యూనివర్సిటీ మారిన తెలుగు విద్యార్థులకు ఈ బాధ ఎలాంటిదో బాగా తెలుసు. పాత చోట చదివిన కోర్సుల్లో కొత్త చోట అన్నీ లెక్కలోకి రావు. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో బంతి కొట్టే అమ్మాయి కూడా స్టాటిస్టిక్స్ క్రెడిట్లు మూడు తగ్గితే ఆడలేదు.

ఆరు చోట్ల లెక్క

ఇక కోర్టులోకి. ఊళ్లో వాలీబాల్ ఆడిన ప్రతివాళ్లకీ రొటేషన్ తెలుసు. సర్వీస్ మన చేతికి వచ్చిన ప్రతిసారీ ఆరుగురూ గడియారం ముల్లు తిరిగినట్టు ఒక చోటు జరుగుతారు. ముగ్గురు నెట్ దగ్గర, ముగ్గురు వెనుక. ఎడమ వైపు నుంచి స్మాష్ కొట్టేవాళ్లు జట్టులో ఇద్దరు ఉంటారు. ఆ ఇద్దరినీ ఎదురెదురు మూలల్లో నిలబెడతారు. ఒకరు ముందు వరసలో ఉంటే ఇంకొకరు వెనుక వరసలో. కాబట్టి ఆరు రొటేషన్లలో మూడింట ఒకరు, మూడింట ఇంకొకరు నెట్ దగ్గర ఉంటారు.

ఇద్దరిలో ఒకరే గట్టివాళ్లయితే ఏమవుతుంది? సగం మ్యాచ్ బాగుంటుంది. మిగతా సగంలో అవతలి బ్లాకర్లు ఎడమ వైపు పెద్దగా పట్టించుకోరు, మధ్యలోకి జరిగిపోయి అక్కడ గోడ కడతారు. పాయింట్లు ఆగిపోతాయి, ఆ రొటేషన్లోంచి బయటపడలేక జట్టు అక్కడే ఇరుక్కుంటుంది. ఐదారు పాయింట్లు వరసగా పోయే చోటు సాధారణంగా ఇదే. బాస్కెట్‌బాల్లో ఒక స్టార్ ఎప్పుడు కావాలంటే అప్పుడు బంతి అందుకోగలదు. వాలీబాల్లో అలా కుదరదు. ఎంత గొప్ప ఆటగత్తె అయినా సగం సేపు నెట్‌కు దూరంగా ఉండాల్సిందే. వెనుక వరస నుంచి ఎగిరి కొట్టవచ్చు గానీ మూడు మీటర్ల గీత వెనుక నుంచే ఎగరాలి.

2021 చివర్లో టెక్సస్ పరిస్థితి ఈ లెక్కలో చూస్తే స్పష్టంగా కనబడుతుంది. ఎడమ వైపు లోగన్ ఎగల్‌స్టన్ ఉంది, దేశంలోని మేటి హిట్టర్లలో ఒకరు. ఆమెతో పాటు దాడి భారం మోసిన స్కైలర్ ఫీల్డ్స్ సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీకి వెళ్లిపోయింది. అంటే ఎగల్‌స్టన్ వెనుక వరసకు వెళ్లిన మూడు రొటేషన్లకూ మనిషి కావాలి. స్కిన్నర్ అక్కడ ఇమిడింది. 'స్టార్ పక్కన ఇంకో స్టార్' అనిపిస్తుంది. నిజానికి అది పక్కన కాదు, ఎదుటి మూల.

2022 డిసెంబర్‌లో టెక్సస్ లూయీవిల్‌ను 3-0తో ఓడించి టైటిల్ గెలిచింది. సీజన్ మొత్తంలో ఓడింది ఒక్క మ్యాచ్. ఆ తర్వాత ఎగల్‌స్టన్ చదువు ముగించుకుని వెళ్లిపోయింది. ఇప్పుడు స్కిన్నర్ మొదటి హిట్టర్, ఎదుటి మూల మళ్లీ ఖాళీ. ఆ మూలకు మిన్నెసోటా నుంచి జెన్నా వెనాస్ వచ్చింది. 2023 ఫైనల్ టాంపాలో, ఎదురుగా నెబ్రాస్కా. అప్పటిదాకా ఆ సీజన్లో 33 గెలిచి ఒక్కటే ఓడిన జట్టు. స్కోరు 25-22, 25-14, 25-11. టెక్సస్ సర్వీస్‌తోనే 12 పాయింట్లు నేరుగా రాబట్టింది. స్కిన్నర్ 16 కిల్స్‌తో ఫైనల్స్ ఉత్తమ ఆటగత్తెగా నిలిచింది. ఏబీసీ ఛానల్లో దాన్ని సగటున దాదాపు 17 లక్షల మంది చూశారు. మూడో సెట్‌లో 11 పాయింట్లు అంటే పోటీ కాదు. నెబ్రాస్కా అమ్మాయిలు సర్వీస్ అందుకోలేక, హిట్టర్ల కోసం బంతి ఎత్తే సెట్టర్ చేతికి బంతి చేరక తికమక పడ్డారు. ఆ రాత్రి టెక్సస్‌ను గెలిపించింది సర్వీస్ అని చెప్పడమే న్యాయం. స్కిన్నర్ స్మాష్‌లు దానికి ముగింపు మాత్రమే.

లిఫ్టర్ చేతిలోని అంగుళం

మార్పులో కష్టమైన భాగం బయటికి కనబడదు. అది ఊళ్లలో లిఫ్టర్ అని పిలిచే సెట్టర్‌కూ హిట్టర్‌కూ మధ్య ఉండే లెక్క. బంతి సెట్టర్ వేళ్లు తాకేలోపే హిట్టర్ మొదటి అడుగు పడిపోవాలి. బంతి తన దగ్గరికి వచ్చాక పరుగెత్తితే ఆలస్యం, అప్పటికి ఇద్దరు బ్లాకర్లు ఎదురుగా ఎగిరి ఉంటారు. అందుకే సెట్టర్ ఎంత ఎత్తుకు, ఎంత వేగంగా, నెట్‌కు ఎంత దూరంలో ఎత్తుతుందో హిట్టర్ ఒంటికి తెలియాలి. తలకు తెలిస్తే చాలదు. ఒక అంగుళం ఎత్తు తగ్గితే చేయి ముందుకు పోతుంది, బంతి నెట్‌కు కొట్టుకుంటుంది. కొత్త జట్టుకు వెళ్లిన హిట్టర్ మొదటి వారాల ప్రాక్టీస్ చూస్తే ఇదే కనబడుతుంది. ఎగురుడు బాగుంటుంది, చేతి విసురు బాగుంటుంది, బంతి మాత్రం మణికట్టుకో ముంజేతికో తగులుతుంది. సెట్టర్ 'సారీ' అంటుంది, హిట్టర్ 'కాదు, నాదే' అంటుంది. రెండూ నిజమే.

ఇక్కడ ఒక సంగతి తరచూ మరచిపోతారు. జట్టు మారకపోయినా సెట్టర్ మారుతుంది. 2020 సీజన్లో స్కిన్నర్‌కు బంతి ఎత్తింది మాడిసన్ లిల్లీ, ఆ ఏడాది దేశంలోనే మేటి ఆటగత్తె. తర్వాతి సీజన్ అదే కెంటకీలో మొదటి ఏడాది అమ్మాయి ఎమ్మా గ్రోమ్. తర్వాత టెక్సస్‌లో ఇంకొకరు, 2023లో మళ్లీ మొదటి ఏడాది అమ్మాయి ఎల్లా స్విండల్. నాలుగు సీజన్లు, నలుగురు సెట్టర్లు. కాలేజీ క్రీడలో ఉండిపోవడం అన్నదే పెద్ద భ్రమ. ప్రతి మేలో జట్టులో నాలుగో వంతు పట్టా పుచ్చుకుని వెళ్లిపోతుంది. ఆటగత్తె కదలకపోయినా ఆమె చుట్టూ ఉన్న జట్టు కదులుతూనే ఉంటుంది.

వాలీబాల్‌కు ఇంకో వెసులుబాటు ఉంది. సీజన్ ఆగస్టులో మొదలై డిసెంబర్‌లో ముగుస్తుంది. జనవరిలో కొత్త కాలేజీలో చేరితే వసంతం అంతా ప్రాక్టీస్, లెక్కలోకి రాని స్నేహపూర్వక మ్యాచ్‌లు, వేసవి కసరత్తు. ఎనిమిది నెలలు ఒకే సెట్టర్‌తో గడపవచ్చు. కానీ ఇదే క్యాలెండర్ ఒక చిక్కు కూడా తెచ్చిపెట్టింది. 2022లో పోర్టల్‌కు గడువులు పెట్టినప్పుడు, శరత్కాలపు ఆటలకు జాతీయ పోటీలకు జట్లను ఎంపిక చేసిన మర్నాడే గేటు తెరిచేలా నియమం రాశారు. అంటే కొన్ని జట్లు ఇంకా టైటిల్ కోసం ఆడుతుండగానే మిగతా జట్ల అమ్మాయిలు కొత్త చోట్లు వెతుక్కుంటుంటారు. కోచ్‌లు పొద్దున ప్రత్యర్థి వీడియో చూసి, సాయంత్రం వచ్చే ఏడాది హిట్టర్ కోసం ఫోన్లు చేస్తారు. ఇల్లు కాలుతుంటే ఇంకో ఇంటికి అడ్వాన్స్ ఇచ్చినట్టు అనిపిస్తుంది గానీ ఇందులో వాళ్ల తప్పు లేదు, గేటు అప్పుడే తెరుచుకుంటుంది.

ఒక్కరు కాదు

స్కిన్నర్‌ను ఒంటరి ఉదాహరణగా చూస్తే అసలు తంతు అర్థం కాదు. 2021 డిసెంబర్‌లో ఆస్టిన్‌లో, అంటే టెక్సస్ సొంతగడ్డ మీద, జాతీయ పోటీల చివరి ఎనిమిది జట్ల దశలో నెబ్రాస్కా టెక్సస్‌ను 3-1తో ఓడించింది. ఆ నెబ్రాస్కా జట్టులో కేలా కాఫీ, కియోనిలే అకానా ఉన్నారు. తర్వాతి సీజన్ కల్లా ఇద్దరూ టెక్సస్‌లో ఉన్నారు. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ నుంచి లిబెరో జోయీ ఫ్లెక్ వచ్చింది. లిబెరో అంటే వేరే రంగు జెర్సీతో వెనుక వరసలో బంతి అందుకోవడానికే ఉండే ఆటగత్తె. ఇలా 2022 టెక్సస్ జట్టులో తమను ఓడించిన జట్ల నుంచి వచ్చినవాళ్లే ముగ్గురు: స్కిన్నర్, కాఫీ, అకానా. కోచ్ జెరిట్ ఎలియట్ 2001 నుంచి అక్కడే ఉన్నాడు. 2012 తర్వాత పదేళ్లలో మూడు ఫైనల్స్ ఓడాడు: 2015లో నెబ్రాస్కా చేతిలో, 2016లో స్టాన్‌ఫర్డ్ చేతిలో, 2020 సీజన్లో కెంటకీ చేతిలో. ఓడించినవాళ్లను చేరదీయడం అవకాశవాదమనుకున్నా సరే, అంతకన్నా మంచి ట్రయల్ మ్యాచ్ ఉండదు. ఎదురుగా నిలబడి దెబ్బ తిన్నవాడికే ఆ దెబ్బ బరువు తెలుస్తుంది.

నెబ్రాస్కాకూ పెన్ స్టేట్‌కూ మధ్య రాకపోకలు ఇంకా ఆసక్తికరం. రెండూ బిగ్ టెన్ కాన్ఫరెన్స్‌లోనివి. అంటే పాత నియమాల్లో 'అక్కడికి మాత్రం కుదరదు' అనిపించుకునే జంట. 2022లో మధ్య బ్లాకర్ కైట్లిన్ హోర్డ్ పెన్ స్టేట్ నుంచి నెబ్రాస్కాకు వచ్చింది. ఎదురు దారిలో కరొలైన్ జురెవిషియస్ వెళ్లింది. ఆమె 2023 సీజన్ అంతా నెబ్రాస్కాలో మ్యాచ్ ఆడకుండా ప్రాక్టీస్‌కే పరిమితమైంది. అర్హత ఏడాది వృథా కాకుండా ఇలా పక్కన పెట్టడాన్ని రెడ్‌షర్ట్ అంటారు. తర్వాత పెన్ స్టేట్‌కు మారింది. ఆమె తండ్రి జో జురెవిషియస్ పెన్ స్టేట్‌కు అమెరికన్ ఫుట్‌బాల్ ఆడి, ఆపైన ఆ ఆటలో పెద్ద టైటిలైన సూపర్ బౌల్ గెలిచినవాడు. కాబట్టి ఆ మార్పును కొందరు పుట్టింటికి వెళ్లడంగానే చూశారు.

2024 డిసెంబర్ 19న లూయీవిల్‌లో సెమీఫైనల్. పెన్ స్టేట్, నెబ్రాస్కా. నెబ్రాస్కా మొదటి రెండు సెట్లూ గెలిచింది. మూడోది 25-23తో పెన్ స్టేట్ లాక్కుంది. నాలుగో సెట్‌లో నెబ్రాస్కా 22-16తో ముందుంది. ఇంకో మూడు పాయింట్లు వస్తే ఫైనల్. అక్కడి నుంచి పెన్ స్టేట్ మ్యాచ్ పాయింట్లు కాచుకుంటూ 28-26తో సెట్ లాగేసింది, ఐదోది 15-13. గెలిచిన జట్టులో నెట్ దగ్గర ఎగిరి కొట్టింది ఏడాది క్రితం నెబ్రాస్కా ప్రాక్టీస్ కోర్టులో ఇదే బ్లాకర్ల మీద రోజూ కొట్టిన అమ్మాయి. ఆమెతో పాటు మిషిగన్ నుంచి వచ్చిన జెస్ మ్రుజిక్. మూడు రోజులకు పెన్ స్టేట్ లూయీవిల్‌ను ఓడించి టైటిల్ అందుకుంది. ఆ సీజన్లోనే రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స తీసుకుంటూ జట్టును నడిపిన కేటీ షూమాకర్-కాలీ ఈ టైటిల్ గెలిచిన మొదటి మహిళా హెడ్ కోచ్ అయింది. మహిళల ఆటలో 2024 దాకా ఒక్క మహిళా కోచ్ కూడా ఈ టైటిల్ గెలవలేదన్నది విడిగా ఒక వ్యాసానికి తగిన విషయం.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గనుక, మారినవాళ్లు పాత జట్టు రహస్యాలు మోసుకెళ్తారన్న అనుమానం మామూలే. అందులో పస తక్కువ. అన్ని జట్ల మ్యాచ్‌ల వీడియోలూ అందరి దగ్గరా ఉంటాయి. ఏ సెట్టర్ ఏ రొటేషన్లో ఎటు ఎత్తుతుందో సాఫ్ట్‌వేర్ శాతాల్లో చెప్పేస్తుంది. చేతి సంకేతాలు మార్చుకోవడానికి ఒక మధ్యాహ్నం చాలు. రహస్యం కన్నా అలవాటు గట్టిది. ఎదుటి బ్లాకర్ ఏ చేయి ముందు లేపుతుందో వందల సార్లు చూసిన కన్ను ఏ స్ప్రెడ్‌షీట్‌లోనూ దొరకదు.

పని చేయని మార్పులు

గెలిచిన కథలే చెప్పుకుంటే పోర్టల్ టైటిళ్ల యంత్రంలా కనబడుతుంది. హోర్డ్ వచ్చిన 2022లో నెబ్రాస్కా చివరి పదహారు జట్ల దశలోనే ఓరెగన్ చేతిలో ఐదు సెట్లలో ఓడి ఇంటికి పోయింది. హోర్డ్ బాగానే ఆడింది. కానీ మధ్య బ్లాకర్‌కు బంతి అందాలంటే ముందు సర్వీస్ చక్కగా అందుకోవాలి. అందుకోవడం తడబడితే సెట్టర్ బంతిని ఎడమకో కుడికో ఎత్తుతుంది గానీ మధ్యకు ఎత్తలేదు. మధ్య ఆటగత్తెను తెచ్చుకోవడం అంటే మంచి మేడ కట్టడం, మెట్లు ఇంకొకరు కట్టాలి. ఎడమ వైపు హిట్టర్ సంగతి వేరు, చెదిరిన బంతి కూడా చివరికి ఆమెకే వెళ్తుంది. పోర్టల్లో ఎడమ వైపు హిట్టర్లకు అంత గిరాకీ ఉండటానికి కారణం ఇదే.

టెక్సస్‌కు కూడా అన్నీ పండలేదు. 2024లో స్కిన్నర్ చివరి సీజన్. కోవిడ్ ఏడాది అర్హత లెక్కలోకి రాలేదు గనుక ఆమెకు ఐదో సీజన్ దక్కింది. మూడోసారి వరస టైటిల్ ఆశతో వెళ్లిన జట్టును చివరి పదహారు దశలో క్రైటన్ ఆపేసింది.

ఇక వదిలేసిన చోటు? పోర్టల్ బలవంతులను మరింత బలవంతులను చేస్తుందన్న ఆరోపణ ఉంది. మధ్యస్థంగా ఉన్న జట్ల విషయంలో అది చాలా వరకు నిజం. అక్కడ పైకి తేలిన హిట్టర్ రెండో ఏడాదికల్లా పెద్ద జట్టు కంటిలో పడుతుంది. పెద్ద జట్ల మధ్య మార్పుల్లో మాత్రం వదిలేసిన జట్టు కూలిన దాఖలాలు తక్కువ. స్కిన్నర్ వెళ్లిపోయాక కూడా కెంటకీ తన కాన్ఫరెన్స్ టైటిల్‌ను ఏటా గెలుస్తూనే ఉంది. 2017 నుంచి 2024 దాకా వరసగా ఎనిమిది. కోచ్ క్రెయిగ్ స్కిన్నర్. ఇంటిపేరు చూసి చాలామంది పొరబడతారు గానీ మాడిసన్‌కు చుట్టం కాదు.

డబ్బు, ఇల్లు

డబ్బు సంగతి తప్పించుకోలేం. 2021 జూలై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ వాడుకున్నందుకు డబ్బు తీసుకోవచ్చు. 2025 జూన్‌లో ఖరారైన కోర్టు ఒప్పందంతో కాలేజీలే నేరుగా ఆటగాళ్లకు పంచవచ్చు. ఒక్కో కాలేజీకి మొదటి ఏడాది పరిమితి 2.05 కోట్ల డాలర్లు, అంటే దాదాపు 175 కోట్ల రూపాయలు. అందులో పెద్ద ముద్ద ఫుట్‌బాల్, పురుషుల బాస్కెట్‌బాల్ నోట్లోకే పోతుంది. వాలీబాల్‌కు మిగిలేది కొంచెం. అయితే అదే ఒప్పందం ఇంకో పని చేసింది. ఒక జట్టుకు 12 స్కాలర్‌షిప్‌లన్న పాత హద్దు పోయి, జట్టులో 18 మంది ఉండవచ్చు, అందరికీ స్కాలర్‌షిప్ ఇవ్వవచ్చు అన్న హద్దు వచ్చింది. డబ్బున్న కాలేజీ బెంచీ మీద కూర్చునే పదిహేనో అమ్మాయికి కూడా పూర్తి ఫీజు కట్టగలదు. 2001 నుంచి ప్రతి ఇంటి మ్యాచ్‌కూ టికెట్లన్నీ అమ్ముడుపోయే నెబ్రాస్కా లాంటి చోట అది భారం కాదు. మిగతా చోట్ల భారమే. స్టార్లకు ఇచ్చే డబ్బు గురించి జరిగే గోల కన్నా ఈ 18 అన్న అంకె ఆటను ఎక్కువగా మార్చే అవకాశం ఉంది.

డబ్బుతో తేలని లెక్క ఒకటుంది. స్కిన్నర్ పెరిగింది హ్యూస్టన్ పక్కనున్న కేటీలో. అక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఆ పేరు చిరపరిచితం. కేటీ నుంచి ఆస్టిన్‌కు కారులో రెండున్నర గంటలు. కెంటకీకి విమానం ఎక్కాల్సిందే. తండ్రి బ్రయాన్ స్కిన్నర్ టెక్సస్‌లోని బేలర్ యూనివర్సిటీలో బాస్కెట్‌బాల్ ఆడి ఎన్‌బీఏకు వెళ్లినవాడు. అక్క ఎవరీ కూడా కెంటకీలోనే ఆడింది, 2020 టైటిల్ జట్టులో అక్కాచెల్లెళ్లిద్దరూ ఉన్నారు. ఆ తర్వాత ఎవరీ తన అదనపు ఏడాదికి తండ్రి చదివిన బేలర్‌కు వచ్చింది. ఆపైన 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అమెరికాకు రజతం తెచ్చిన జట్టులో ఆడింది. అక్క ముందు, చెల్లెలు ఒక ఏడాది తర్వాత, ఇద్దరూ సొంత రాష్ట్రానికే తిరిగొచ్చారు. దేశపటం మీద ఈ గీతలు గీసి చూస్తే 'ప్రత్యర్థి గూటికి ఫిరాయించింది' అన్న శీర్షిక కాస్త వెలవెలబోతుంది.

2024 జూలైలో టెక్సస్ కాన్ఫరెన్స్ మారి కెంటకీ ఉన్న ఎస్‌ఈసీలోకి వచ్చేసింది. ఆటగత్తెలు మారారని మూతి విరిచిన అభిమానులకు తమ యూనివర్సిటీయే మొత్తంగా మకాం మార్చడం తప్పుగా అనిపించలేదు. స్కిన్నర్ తన చివరి ఏడాది మళ్లీ పాత కాన్ఫరెన్స్‌లోనే ఆడింది, రంగు మాత్రం వేరు.

మరుసటి ఏడాది కెంటకీకి ఒక ఖాళీ వచ్చింది. ఎడమ వైపు బ్రూక్లిన్ డిలే ఉంది, ఎదుటి మూలకు మనిషి కావాలి. పర్డ్యూ నుంచి ఎవా హడ్సన్ వచ్చింది. 2025 డిసెంబర్‌లో కెంటకీ మళ్లీ ఫైనల్ దాకా వెళ్లి, కాన్సస్ సిటీలో టెక్సస్ ఏ అండ్ ఎమ్ చేతిలో 3-0తో ఓడింది.